గ్రీకుల సారంగధరుడు
(యూరిపిడీసు రచించిన “హిప్పొలిటసు” అను విషాదనాటకము: దాని కాలము, పాత్రలు, సంకేతములు)

మన తెలుగువారిలో సారంగధరుని కథ నెరుగనివా రరుదు. రాజమహేంద్రవరము నేలిన రాజరాజనరేంద్రుని కుమారుడు పావురము నెగురవేయుట, అది సవతితల్లియగు చిత్రాంగి మేడపై వ్రాలుట, దానికొరకై యతడు లోనికేగుట, చిత్రాంగి ధర్మము మరచి యతనిని కోరుట, అతడు నిరాకరింపగా ఆమె నేరము నతనిపైనే మోపుట, వేటనుండి మరలివచ్చిన రాజు విచారింపకయే కొడుకు కాలుసేతులు నరికింపుడని యాజ్ఞ యిచ్చుట—ఇదియే యా కథ. తాతలు మనుమలకు దీనిని చెప్పిరి. కవులు కావ్యములుగా రచించిరి. నటకులు రంగములపై నాడిరి. 1957వ సంవత్సరమున చలనచిత్రముగను జనులు చూచిరి. రాజమహేంద్రవరమున సారంగధరేశ్వరాలయ మున్న మెట్ట నేటికిని సారంగధరుని పేరనే పిలువబడుచున్నది.

ఇంచుమించుగ నిట్టి కథనే, ఇప్పటికి రమారమి 2,450 సంవత్సరములకు పూర్వము, గ్రీసుదేశమందలి ఏథెన్సు నగరమున యూరిపిడీసు అను మహాకవి నాటకముగ రచించెను. దాని పేరు “హిప్పొలిటసు.” మన బౌద్ధనగర్, తార్నాకల నుండి విశ్వవిద్యాలయమునకు బోయి ఆంగ్లసాహిత్యమును చదువ నెంచు విద్యార్థులు గ్రీకు విషాదనాటకముల పేరులను తప్పక వినగలరు. విన్నప్పుడు ఆ పేరుల వింతతనమునకు బెదరి పుస్తకమును మూసివేయుటయు కలదు. కాని మన ఇంటి కథ చేతి దీపమై యుండగా ఆ చీకటి గదిలోనికి ప్రవేశించుట కష్టము కాదు. ఆ దీపమును చేతికిచ్చుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

తల్లిదండ్రు లొక ప్రశ్న వేయుదురు: “పిల్లలకు దుఃఖముతో ముగియు కథల నేల చెప్పవలెను? మంచివానికి మేలు, చెడ్డవానికి కీడు కలిగెనని చెప్పిన చాలదా?” ఈ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. దీనికి ఉత్తరము వ్యాసాంతమున చెప్పెదము. ముందు నాటకమును తెలిసికొందము.

గ్రీకుల నాటకశాల

గ్రీకుల నాటకము మన కాలపు వినోదము వంటిది కాదు. ఏథెన్సులో వసంతకాలమున డయొనైససు అను దేవతకు గొప్ప యుత్సవము జరుగుచుండెను. ఆ యుత్సవమున ముగ్గురు విషాదకవులు పోటీపడుదురు. ఒక్కొక్క కవి మూడు విషాదనాటకములను, వాని వెంట ఒక హాస్యపు టాటను ప్రదర్శింపవలెను. న్యాయనిర్ణేతలు ప్రథమ, ద్వితీయ, తృతీయ స్థానములను నిర్ణయింతురు. గాయకబృందమునకు అగు వ్యయమును ధనికుడైన యొక పౌరుడు భరించుట నగరధర్మము.

నాటకశాల కొండవాలున నుండెను. మన విశ్వవిద్యాలయ ప్రాంతమునందలి బండరాళ్ల గుట్ట నొకదానిని మనస్సునకు తెచ్చుకొనుడు. దాని వాలుపై వేలకొలది జనులు వరుసలుగా కూర్చుందురు. క్రింద గుండ్రని చదును నేల; అందు గాయకబృందము పాడుచు, అడుగులు వేయుచు నుండును. దాని వెనుక నొక కట్టడము, అదియే రాజభవనము. ఏథెన్సులో ఆ వాలు అక్రొపొలిసు అను దుర్గపుకొండ యొక్క దక్షిణ భాగమునది. ఆట పగటివేళ, ఆకాశము క్రింద జరుగును. నటులు ముగ్గురే, వారే ముఖములకు కృత్రిమ ముఖములు తొడిగికొని పాత్రలన్నిటిని ధరింతురు. స్త్రీపాత్రలనుగూడ పురుషులే ధరింతురు. ఈ సంగతి మన వీధినాటకములను చూచిన పెద్దలకు వింత గాదు.

మరియొక నియమము గమనింపదగినది. కొట్టుట, చంపుట మొదలగు ఘోరకృత్యములు సామాన్యముగా రంగముపై చూపబడవు. అవి తెర వెనుకనో, దూరమందో జరుగును. ఒక వార్తాహరుడు పరుగున వచ్చి వానిని చెప్పును. కన్నులతో చూచినదానికంటె చెవులతో విని మనస్సున చిత్రించుకొన్నది యెక్కువ కాలము నిలుచును. మన హరికథలు, బుర్రకథలు విన్నవా రీ మాట యథార్థమని యొప్పుకొందురు.

ఆనాటి కాలము

“హిప్పొలిటసు” క్రీ. పూ. 428వ సంవత్సరమున ప్రదర్శింపబడి ప్రథమ బహుమానము నందెను. యూరిపిడీసు అంతకు పూర్వమే యీ కథపై నొక నాటకమును వ్రాసియుండెను. అందు సవతితల్లి సిగ్గువిడిచి తన కోరికను తానే చెప్పినట్లు చూపగా ప్రజలు మెచ్చలేదని ప్రాచీనుల వలన తెలియుచున్నది. ఆ తొలి నాటకము నశించినది. కొన్ని పంక్తులు మాత్రమే మిగిలియున్నవి. కవి కథను విడిచిపెట్టక పాత్రను మరల తీర్చి, రెండవ మారు విజయము నందెను. వ్రాసిన వ్యాసమును మరల వ్రాయుమనగా ముఖము ముడుచుకొను విద్యార్థులు ఈ సంగతిని జ్ఞాపక ముంచుకొందురు గాక.

ఆ సంవత్సరములు ఏథెన్సునకు గడ్డుకాలము. క్రీ. పూ. 431లో స్పార్టా నగరముతో మహాయుద్ధము ప్రారంభమైనది. 430లో, పల్లెలనుండి వచ్చిన జనముతో క్రిక్కిరిసిన నగరమున మహామారి ప్రవేశించినది. 429లో నగరనాయకుడగు పెరిక్లీసు మరణించెను. కావున 428లో ఆ కొండవాలున కూర్చున్న ప్రేక్షకులలో పలువురు తమ యింట నెవరినో కోల్పోయినవారే. మంచివారు ఏ దోషము లేకయే చచ్చుట వారు కన్నులార చూచిరి. అట్టివారికి “ధర్మాత్మునకు సర్వము సుఖమే” యని చెప్పిన నమ్ముదురా? వారి ఎదుట నీ నాటకము ప్రదర్శింపబడినదని మనము మరువరాదు.

కథాసంగ్రహము

థీసియసు ఏథెన్సు రాజు. క్రీటు ద్వీపమున నరమాంసము తిను వృషభముఖ రాక్షసుని చంపిన వీరుడు. అతనికి అమెజాను అను వీరవనితల జాతికి చెందిన స్త్రీయందు పుట్టినవాడు హిప్పొలిటసు. తరువాత నతడు క్రీటు రాజగు మైనాసు కూతురు ఫీడ్రాను వివాహమాడెను. బంధువుల వధ చేసిన దోషమునకై రాజొక సంవత్సరము నగరమును విడిచి, భార్యతో ట్రీజను అను పట్టణమున వసించుచున్నాడు. కథ యచట జరుగును.

ఆరంభముననే ప్రేమదేవతయగు ఆఫ్రొడైటీ రంగముపైకి వచ్చి తన కోపకారణమును చెప్పును. హిప్పొలిటసు వేటదేవతయు, కన్యయునగు ఆర్టెమిసును మాత్రమే పూజించును, ప్రేమదేవతను తృణీకరించును. అందువలన ఆమె ఫీడ్రా హృదయమున సవతికొడుకుపై అనుచితమగు ప్రేమను నాటినది. నేడే యతడు నశించునని ఆమె ముందుగనే తెలిపి వెడలిపోవును. కథాంతము ప్రేక్షకులకు మొదటనే తెలిసిపోయినది. పాత్రలకు మాత్రము తెలియదు. ఏమి జరుగునో యను కుతూహలము కాదు, ఎట్లు జరుగునో యను భయమే యిచట ప్రేక్షకుని కదలనీయక కూర్చుండబెట్టును.

ఫీడ్రా తన మనస్సు నెవరికిని చెప్పక, మూడు దినములుగా అన్నము ముట్టక, మంచము పట్టియున్నది. వృద్ధయగు దాది ఆమె చేతులు, మోకాళ్లు పట్టుకొని బతిమాలి రహస్యమును రాబట్టును. వినిన వెంటనే దిగులుపడినను, పిదప తన బిడ్డ బ్రదికిన చాలునని తలంచి, ఔషధము తెత్తునని నమ్మించి, హిప్పొలిటసు కడకు బోయి సంగతిని చెప్పును. చెప్పుటకు ముందు, ఎవరికిని వెల్లడింపనని యతనిచే ప్రమాణము చేయించుకొనును. అతడు విని మండిపడి స్త్రీజాతినంతను నిందించును. ఆ నిందను ఫీడ్రా విన్నది. తన మానము పోవునను భయముతోను, అతని గర్వమును అణచవలెనను క్రోధముతోను ఆమె ప్రాణత్యాగము చేసికొనును. ఆమె చేతికి కట్టిన యొక పలక మీద, హిప్పొలిటసు తన్ను చెరుప యత్నించెనను అబద్ధము వ్రాయబడియుండెను.

రాజు దేవవాణిని సేవించి, తలపై పూదండతో తిరిగివచ్చును. శవమును చూచును, పలకను చదువును. తనకు సముద్రదేవుడగు పొసైడను మున్ను మూడు వరముల నిచ్చియుండెను. వానిలో నొకదానిని వినియోగించి కొడుకు నాశనమగుగాక యని శపించి, దేశమునుండి వెడలగొట్టును. హిప్పొలిటసు తాను నిర్దోషినని చెప్పును; కాని ప్రమాణము చేసియుండుటచే జరిగినది మాత్రము చెప్పజాలడు. సముద్రతీరమున రథముపై బోవుచుండగా, అలనుండి భయంకరమగు నెద్దు వెలువడును. గుర్రములు బెదరి రథమును రాళ్లకు కొట్టును. పగ్గములలో చిక్కిన హిప్పొలిటసు ఈడ్వబడును. అప్పుడు ఆర్టెమిసు దేవత ప్రత్యక్షమై రాజునకు సత్యమును తెలుపును. కొనయూపిరితో కొడుకును మోసికొని వత్తురు. అతడు తండ్రిని క్షమించి, తండ్రి చేతులలో ప్రాణములు విడుచును.

పాత్రలు

హిప్పొలిటసు పరిశుద్ధుడు, ఇచ్చిన మాట తప్పనివాడు. కాని తన పరిశుద్ధతను తానెరిగినవాడు. తనవంటివాడు లేడను భావమతని పలుకులలో తరచుగా తోచును. ముసలి సేవకు డొకడు, “అయ్యా, ఆ దేవతకును నమస్కరింపుము, గర్వము మంచిది కాద”ని బుద్ధి చెప్పగా అతడు లెక్కచేయడు. పాపమును ద్వేషించుట సద్గుణమే. పాపమున పడినవారిని గూర్చి కనికరము లేకుండుట సద్గుణము కాదు. అతడు ఫీడ్రాతో నొక్క మెత్తని మాట యాడియుండిన కథ మరొక విధముగ నుండెడిదేమో!

ఫీడ్రాను దుష్టురాలని త్రోసివేయుట సులభము. కాని కవి అట్లు చేయనీయడు. ఆమె తన కోరికతో పోరాడినది. మొదట మౌనముచేతను, తరువాత నిగ్రహముచేతను జయింప యత్నించి, తుదకు చావే మేలని నిశ్చయించుకొన్నది. కోరిక పుట్టుట ఆమె దోషము కాదు. అది పగబట్టిన దేవత పని. పలకపై అబద్ధము వ్రాయుట మాత్రము ఆమె స్వంత దోషము. ఈ రెంటిని వేరుచేసి చూచుట ప్రాజ్ఞుల లక్షణము. తలంపున కలుగు శోధనము వేరు, చేతితో చేసిన కార్యము వేరు.

దాది ఈ నాటకమున మిక్కిలి సహజమగు పాత్ర. ఆమెకు ధర్మసూక్ష్మములు తెలియవు. పెంచిన ప్రేమ తెలియును. మేలు చేయబోయి కీడు చేయును. “పెదవి దాటితే పృథివి దాటు”నను మన సామెతకు ఆమెయే నిదర్శనము.

థీసియసు పరాక్రమవంతుడు, ప్రజారంజకుడు. అయినను తన యింటిలో తీర్పరిగా నిలువవలసి వచ్చినప్పుడు తప్పిపోయెను. ప్రమాణమును పరీక్షింపడు, సోదె చెప్పువారి నడుగడు, కాలము గడువనీయడు. ఆర్టెమిసు వచ్చి యతనిని నిందించుట ఈ తొందరపాటును గూర్చియే. నిదానమే ప్రధానమను మాట రాజునకును, తండ్రికిని, బడిపంతులునకును సమానము.

ఇక ఆ యిద్దరు దేవతలు. ఒకతె కోరికకు, మరియొకతె నిగ్రహమునకు మూర్తులు. మనుష్యజీవనమునకు రెండును కావలసినవే. కోరికయే లేనిచో సంసారము లేదు. నిగ్రహము లేనిచో సంసారము నిలువదు. ఫీడ్రా ఒకదానికి చిక్కినది. హిప్పొలిటసు మరియొకదానినే పట్టుకొనెను. దేవత లిద్దరును మనుష్యుల కష్టమును చూచి తాము మాత్రము చలింపరు. తన భక్తుడు చనిపోవుచుండగా ఆర్టెమిసు, మరణమును చూచుట తనకు తగదని వెడలిపోవును. మిగిలినది తండ్రికొడుకులే. దేవతలు విడిచిపోయిన చోట మనుష్యుడు మనుష్యుని క్షమించుట—నాటకమున అత్యుత్తమమగు ఘట్టమిదియే.

గాయకబృందము ట్రీజను పట్టణపు స్త్రీలు. వారికి సత్యము తెలియును. కాని వారును మౌనముగ నుందుమని ఫీడ్రాకు మాట యిచ్చిరి. కనుక నిర్దోషి శిక్షింపబడుచుండగా నిలువబడి చూచుచుందురు. ఊరివారందరు నెరిగియు నెవరును పలుకని యన్యాయములు మన వీధులలోను లేకపోలేదు.

సంకేతములు

సంకేతమనగా కంటికి కనబడు వస్తువు ద్వారా కంటికి కనబడని భావమును తెలుపుట. ఈ నాటకమున నాలుగయిదు ముఖ్యమైనవి గలవు.

మొదటిది, రంగముపై నెదురెదురుగ నున్న రెండు విగ్రహములు. పాత్రలన్నియు వాని నడుమనే తిరుగును. మనుష్యుడు రెండు శక్తుల నడుమ నున్నాడని మాటలతో చెప్పకయే ప్రేక్షకుడు గ్రహించును.

రెండవది పూదండ. హిప్పొలిటసు ఎవరును కోయని, పశువులు మేయని, తేనెటీగలు మాత్రము తిరుగు పచ్చికబయలునుండి పూవులు తెచ్చి ఆర్టెమిసునకు దండ సమర్పించును. అది యతని నిష్కల్మషమగు మనస్సు. కాని ఎవరికిని ప్రవేశము లేని తోట ఒంటరితనమునకును గుర్తే. తరువాత రాజు తలపై దండ ధరించి వచ్చి, భార్య మరణమును విని దానిని తీసి నేలగొట్టును. ఉదయమున పూజకు పనికివచ్చిన దండ, ఆ దినముననే దుఃఖమునకు గుర్తైనది.

మూడవది వ్రాతపలక. బ్రదికియున్నవాడు ప్రమాణముచే నోరు మెదపలేడు. చనిపోయిన యామె పలక మాటలాడుచున్నది. రాజు ప్రాణమున్న కొడుకు మాట నమ్మక ప్రాణము లేని పలకను నమ్మెను. వ్రాసినదంతయు సత్యమను భ్రమ ఆ కాలముననే యున్నది. నేటి కాలమున చేతిలోని యంత్రముపై వచ్చు ప్రతి వార్తను నమ్మువారికి ఈ పలక మంచి హెచ్చరిక.

నాలుగవది గుర్రములు. హిప్పొలిటసు అను పేరులోనే గుర్రమును తెలుపు మాటయు, విడిపోవుటను తెలుపు మాటయు నున్నవి. తాను స్వయముగ మేపి, సాధుచేసిన గుర్రములే యతని చావునకు కారణమగును. అణచియుంచినంత మాత్రమున లోనున్న శక్తి సాధువు కాదని దీని భావము. మన పెద్దలును ఇంద్రియములను గుర్రములతో పోల్చిరి గదా!

ఐదవది సముద్రమునుండి వచ్చిన ఎద్దు. ఫీడ్రా పుట్టింటి చరిత్రలో ఎద్దు గలదు: పొసైడను పంపిన వృషభము వలననే ఆమె తల్లికి అపకీర్తి కలిగి, వృషభముఖ రాక్షసుడు పుట్టెను. ఆ రాక్షసునే థీసియసు చంపెను. చంపితినని యతడు మరచిన ఎద్దు, తన శాపము చేతనే సముద్రమునుండి లేచి కొడుకును చంపినది. పూర్వపు కథలు తెలిసిన గ్రీకు ప్రేక్షకులు ఈ వార్త విని యెంత గజగజలాడిరో యూహింపుడు.

నాలుగు దేశములు, ఒక కథ

బైబిలును చదివినవారికి యోసేపు జ్ఞాపకము వచ్చియే యుండును. ఆదికాండము 39వ అధ్యాయమున పోతీఫరు భార్య యోసేపు వస్త్రమును పట్టుకొని, దానినే సాక్ష్యముగ చూపి, అతనిని చెరసాలకు పంపించినది. బౌద్ధుల కథలలో అశోకచక్రవర్తి కుమారుడు కుణాలుడు గలడు. “దివ్యావదానము” అను సంస్కృత గ్రంథము చెప్పునట్లు, సవతితల్లి తిష్యరక్షిత నిరాకృతయై, రాజముద్రికతో లేఖ పంపి యతని కన్నులు తీయించెను. యోసేపునకు వస్త్రము, కుణాలునకు ముద్రిక, హిప్పొలిటసునకు పలక, సారంగధరునకు పావురమునకై మేడలో కాలు పెట్టుటయే! నాలుగు కథలలోను నిర్జీవమగు వస్తువో, పైకి కనబడు చిహ్నమో సాక్ష్యమిచ్చును. సజీవుడైన మనుష్యుని మాట వినబడదు.

కాని ముగింపులు వేరు. యోసేపు చెరనుండి బయటపడి ఐగుప్తున గొప్ప యధికారి యాయెను. కుణాలునకు చూపు మరల వచ్చెనని బౌద్ధకథ. మన సారంగధరుని కథయు మొదట సుఖాంతమే. 15వ శతాబ్దమున గౌరన రచించిన “నవనాథచరిత్ర” అను ద్విపదకావ్యమున, సిద్ధుడొకడు దయదలచి యతని అవయవములను మరల కలుగజేయును. అతడు చౌరంగి యను యోగి యగును. తంజావూరు రఘునాథనాయకుని యాస్థానమున నున్న చేమకూర వేంకటకవి 17వ శతాబ్దమున దీనిని ప్రబంధముగ రచించెను. గురజాడ అప్పారావు 1883లో ఆంగ్లమున కావ్యముగ వ్రాసెను.

ఇక్కడ చారిత్రక సత్యమును చెప్పుట యవసరము. 11వ శతాబ్దమున రాజమహేంద్రవరము నేలిన రాజరాజనరేంద్రుడు నన్నయభట్టారకుని పోషించి, తెలుగు మహాభారతమునకు కారకుడైన ప్రభువు. అతని పట్టమహిషి రాజేంద్రచోళుని కూతురగు అమ్మంగదేవి; వారి కుమారుడు 1070లో చోళసింహాసనమెక్కి కులోత్తుంగుడని ప్రసిద్ధి కెక్కెను. సారంగధరుని కథ చరిత్ర కాదనియే చరిత్రకారుల యభిప్రాయము. కథ కథయే, దానిని బట్టి ఒక మంచి రాజును క్రూరుడని తలంపరాదు. ఇదియు నొక విధముగ విచారణ లేని తీర్పే యగును.

19వ శతాబ్దపు చివరిభాగమున బళ్లారిలో న్యాయవాదియు, నాటకకర్తయునగు ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) ఈ కథను “విషాదసారంగధర” మను పేర నాటకముగ రచించెను. అందు సిద్ధుడు రక్షించు పాత ముగింపును విడిచి, కథను దుఃఖాంతము చేసెను. ఇది గొప్ప సాహసము. ఏలన, సంస్కృత నాటకశాస్త్రము నాయకుని మరణముతో నాటకము ముగియుటను అంగీకరింపదు. భాసుని “ఊరుభంగము” వంటి యపవాద మొకటి యున్నను, భాసనాటకములు 1912లోగాని తిరువనంతపురమున అచ్చువడి లోకమునకు వెల్లడి కాలేదు. రామకృష్ణమాచార్యులకు మార్గదర్శకములైనవి ఆంగ్లనాటకములు. ఆ యాంగ్లనాటకములకు పూర్వులలో గ్రీకులు నున్నారు. ఈ విధముగ ఏథెన్సు కొండవాలున వెలిగిన దీపము, పలుచేతులు మారి, బళ్లారి రంగస్థలమును చేరినది. ఆచార్యుల మేనల్లుడగు బళ్లారి రాఘవ (1880–1946) తెలుగు నటులలో అగ్రగణ్యుడై ఆ సంప్రదాయమును నిలిపెను.

రెండు కథలకును ఒక ముఖ్యభేద మున్నది. ప్రచారములోనున్న పెక్కు రూపములలో, చిత్రాంగి మొదట సారంగధరునకే వధువుగా నెంచబడినది. రాజు ఆమె చిత్రపటమును చూచి తానే వివాహమాడెను. అనగా మన కథలో దేవత పగ అక్కర లేకయే, పెద్దవాని స్వార్థమే కష్టమునకు విత్తనమైనది. గ్రీకు కవి దైవమును ప్రశ్నించెను; మన కథకులు ఇంటి పెద్దను ప్రశ్నించిరి. ఏది యెక్కువ ధైర్యమో చదువరులే నిర్ణయింపవచ్చును.

దుఃఖాంత మేల?

ఇక తల్లిదండ్రుల ప్రశ్నకు ఉత్తరము. గ్రీకు తత్త్వవేత్తయగు అరిస్టాటిలు విషాదనాటకమును గూర్చి విచారించి, అది కరుణను భయమును పుట్టించి, వాని మూలముననే హృదయమును తేటపరచునని చెప్పెను. నాయకుడు కేవల ధర్మాత్ముడు కారాదు, కేవల దుష్టుడును కారాదు. మనవంటి మనుష్యుడై, ఏదో యొక పొరపాటుచే పడిపోవలెను. దుష్టుడు పడినచో మనము సంతోషింతుము. మనవంటివాడు పడినచో మనలను మనము పరీక్షించుకొందుము.

సుఖాంతమగు సారంగధరుని కథలో సిద్ధుడు వచ్చి చేతులు మరల మొలిపించును. కథ వినిన పిల్లవాడు నిశ్చింతగ నిద్రించును, తండ్రియు నిద్రించును. రాజు చేసిన తప్పు దిద్దబడినది గదా! కాని లోకమున నరికిన చేతులు మొలవవు. అన్న మాట వెనుకకు రాదు. థీసియసు ఎంత విలపించినను, శాపము మరలింపబడలేదు. దిద్దుకొన వీలులేని తప్పులు కొన్ని యున్నవని పిల్లలు తెలిసికొనుట అవసరము. పెద్దలు జ్ఞాపక ముంచుకొనుట అంతకంటె నవసరము. విషాదనాటకము చేయు మేలిదియే: ఇతరుల కన్నీటితో మనకు ముందుగ బుద్ధి చెప్పును.

ఒక పిల్లవాని మీద ఫిర్యాదు వచ్చును. కాగితముపై వ్రాసియుండును; వ్రాసినవారు గౌరవనీయులు; పిల్లవాడు తలవంచుకొని మాటలాడడు. అతని మౌనమును నేరమునకు ఒప్పుకోలుగ గ్రహించుట యెంత సులభము! కాని మౌనమునకు కారణములు పెక్కు గలవు. భయముచే మాటలాడకపోవచ్చును; స్నేహితునకు మాట యిచ్చి మాటలాడకపోవచ్చును; చెప్పినను నమ్మరని మాటలాడకపోవచ్చును. శిక్షించుటకు ముందు ఒక్క రాత్రి గడువనిచ్చి, రెండు పక్షములను వినుట—ఇంతియే థీసియసు చేయనిది. ఇంతియే మనము చేయదగినది.

విద్యార్థులకును ఒక మాట. మంచివారగుట చాలదు, మంచితనముతోపాటు మెత్తదనము నుండవలెను. తోడివాడు తప్పు చేసినప్పుడు మోమాటముచే పాలుపంచుకొనకుడు, గర్వముచే చీదరించుకొనకుడు. ఎరిగిన సత్యము నిర్దోషిని రక్షింపగలదైనచో, ట్రీజను స్త్రీలవలె నిలిచి చూడకుడు. తగిన పెద్దకు చెప్పుడు.

“హిప్పొలిటసు” ఆంగ్లానువాదములు గ్రంథాలయములలో దొరకును. ఒక్క సాయంకాలమున చదివి ముగింపదగినంత చిన్న నాటకము. చదువుటకు ముందు ఇంటిలోని పెద్దవారిచే సారంగధరుని కథ చెప్పించుకొనుడు. చదివిన పిదప వారికి హిప్పొలిటసు కథ చెప్పుడు. అప్పుడు మీ రిరువురును ఏ పాత్ర యెక్కడ తప్పిపోయెనో చర్చింపుడు. అట్టి చర్చ జరిగిన యింట, తండ్రియు కొడుకును ఒకరి మాట నొకరు మునుపటికంటె ఓపికతో వినగలరని మా నమ్మకము.